స్థానిక టెలివిజన్ కేంద్రాల ఆర్థిక మనుగడ

స్థానిక టెలివిజన్ కేంద్రం అనగా ఒక నగరానికి లేదా పట్టణానికి, దాని చుట్టుపక్కల ప్రాంతానికి పరిమితమై ప్రసారాలు చేసే టెలివిజన్ సంస్థ. పురపాలక సంఘం వ్యవహారాలు, స్థానిక నేరవార్తలు, పాఠశాలల ఆటల పోటీలు, తుఫాను హెచ్చరికలు వంటి జాతీయ ఛానెళ్ళలో చోటు దొరకని విషయాలను చూపించడం వీటి ప్రధాన ప్రయోజనం. అయితే ప్రేక్షకుల సంఖ్య పరిమితం కావడం వలన ఇవి తమ ఖర్చులను తామే రాబట్టుకోవడం కష్టమైన పని. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇటువంటి కేంద్రాలు ఏడు దశాబ్దాలకు పైగా వ్యాపారంగా నిలదొక్కుకోగా, బ్రిటన్‌లో 2013 నుండి ప్రభుత్వ ప్రోత్సాహంతో ఏర్పడిన కేంద్రాలు అనేకం కొద్ది సంవత్సరాలలోనే చేతులు మారాయి లేదా మూతపడ్డాయి. ఈ తేడాకు కారణాలు ప్రేక్షకుల అభిరుచిలో కంటే ఆయా దేశాల చట్టాలలోను, వ్యాపార ఒప్పందాలలోను ఎక్కువగా కనిపిస్తాయి.

సమస్య మూలం

టెలివిజన్ కార్యక్రమం తయారీకి అయ్యే ఖర్చుకు, దానిని చూసేవారి సంఖ్యకు సంబంధం లేదు. అరగంట వార్తల కార్యక్రమానికి విలేకరులు, కెమెరామెన్, ఎడిటర్లు, స్టూడియో, వాహనాలు కావాలి. కోటి మంది ఉన్న నగరంలోనైనా, రెండు లక్షల మంది ఉన్న పట్టణంలోనైనా ఈ సరంజామా ఇంచుమించు ఒకటే. ఆదాయం మాత్రం ప్రేక్షకుల సంఖ్యను బట్టే ఉంటుంది. వ్యాపార ప్రకటనల ధరను ప్రతి వెయ్యి మంది ప్రేక్షకులకు ఇంత అని లెక్కగట్టడం పరిపాటి. కనుక ఊరు చిన్నదయ్యే కొద్దీ ఆదాయం తరుగుతుంది గాని ఖర్చు ఆ మేరకు తగ్గదు.

వార్తాపత్రికకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. ప్రకటనలు తగ్గితే పుటలు తగ్గించుకోవచ్చు. టెలివిజన్ కేంద్రం రోజంతా ఏదో ఒకటి ప్రసారం చేస్తూనే ఉండాలి. ఒక చిన్న కేంద్రం సొంతంగా రోజుకు రెండు మూడు గంటల కార్యక్రమాలు తయారు చేయడమే గొప్ప. మిగిలిన ఇరవై పైచిలుకు గంటలు ఎలా నింపాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నదే స్థానిక టెలివిజన్ ఆర్థిక శాస్త్రంలో అసలు ప్రశ్న.

అమెరికా పద్ధతి

అమెరికాలో టెలివిజన్ మొదటి నుండి స్థానిక కేంద్రాల ప్రాతిపదికన ఏర్పడింది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ జాతీయ స్థాయిలో లైసెన్సు ఇవ్వదు, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క కేంద్రానికి ఇస్తుంది. 1948 సెప్టెంబరు నుండి 1952 ఏప్రిల్ వరకు కొత్త లైసెన్సులను నిలిపివేసిన కమిషన్, ఆ తరువాత దేశమంతటా పట్టణాల వారీగా ఛానెళ్ళను కేటాయిస్తూ ఒక పట్టికను ప్రకటించింది. ప్రేక్షకుల కొలతల కోసం నీల్సన్ సంస్థ దేశాన్ని 210 మార్కెట్లుగా విభజించింది. వీటిలో అన్నిటికంటే పెద్దది న్యూయార్క్.

ఉదాహరణకు అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరాన్ని తీసుకోవచ్చు. అక్కడ ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ, ఫాక్స్ అనే నాలుగు ప్రధాన నెట్‌వర్కులకూ అనుబంధ కేంద్రాలు ఉన్నాయి. ఇవి కాక పబ్లిక్ టెలివిజన్, మరికొన్ని చిన్న కేంద్రాలు కూడా కలవు. ఇన్ని కేంద్రాలు ఒక మధ్యస్థాయి నగరంలో బ్రతకడానికి ఈ క్రింది ఏర్పాట్లు తోడ్పడినాయి.

మొదటిది నెట్‌వర్కు అనుబంధం. రాత్రి వేళ వచ్చే ధారావాహికలు, జాతీయ వార్తలు, ఫుట్‌బాల్ పోటీలు నెట్‌వర్కు నుండి వస్తాయి. వాటి తయారీ ఖర్చు దేశమంతటా రెండు వందలకు పైగా కేంద్రాల మధ్య పంచబడినట్లే. నెట్‌వర్కు కార్యక్రమాల మధ్య గంటకు కొన్ని నిమిషాలు మాత్రం స్థానిక ప్రకటనలకు వదులుతారు. ఒకప్పుడు తమ కార్యక్రమాలను ప్రసారం చేసినందుకు నెట్‌వర్కులే స్థానిక కేంద్రాలకు డబ్బు చెల్లించేవి. 1990ల తరువాత ఈ ప్రవాహం క్రమంగా తగ్గి, చివరకు తిరగబడింది. ఇప్పుడు కేంద్రాలే నెట్‌వర్కులకు చెల్లిస్తున్నాయి.

రెండవది సిండికేషన్. నెట్‌వర్కుతో సంబంధం లేకుండా తయారైన కార్యక్రమాలను ఊరూరా విడివిడిగా అమ్మడాన్ని సిండికేషన్ అంటారు. ఆటల పోటీ వంటి "వీల్ ఆఫ్ ఫార్చ్యూన్", 1986 నుండి 2011 వరకు వచ్చిన ఓప్రా విన్‌ఫ్రీ కార్యక్రమం ఈ కోవకు చెందినవి. చేతిలో నగదు లేని కేంద్రాలకు ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది. కార్యక్రమాన్ని ఉచితంగానో, తక్కువ ధరకో ఇచ్చి, అందులోని ప్రకటనల సమయంలో కొంత భాగాన్ని పంపిణీదారు తన వద్దే ఉంచుకుంటాడు. పంటలో పాలు ఇచ్చి కౌలు కట్టడం వంటి పద్ధతి ఇది. 1971లో అమలుకు వచ్చిన ఒక నిబంధన పెద్ద నగరాలలో నెట్‌వర్కుల రాత్రి కార్యక్రమాలను మూడు గంటలకు పరిమితం చేసింది. స్థానిక కార్యక్రమాలను పెంచాలన్నది దాని ఉద్దేశం. మిగిలిన సమయాన్ని కేంద్రాలు ఎక్కువగా సిండికేషన్ కార్యక్రమాలతోనే నింపాయి. 1996లో ఆ నిబంధన అంతమైనది.

మూడవది స్థానిక వార్తలు. వార్తలు ఖర్చు తెచ్చిపెట్టే విభాగమని తరచుగా అనుకుంటారు. అమెరికా కేంద్రాల విషయంలో ఇది సరి కాదు. నెట్‌వర్కు కార్యక్రమంలో ప్రకటనల సమయంలో అధిక భాగం నెట్‌వర్కుది, సిండికేషన్‌లో కొంత పంపిణీదారుది. సొంత వార్తలలో మాత్రం ప్రతి ప్రకటనా కేంద్రానిదే. కార్ల డీలర్లు, ఆసుపత్రులు, న్యాయవాదులు, ఫర్నిచర్ దుకాణాలవారు ఈ సమయాన్ని కొంటారు. అందువలననే అక్కడి కేంద్రాలు తెల్లవారుజాము నుండే గంటల తరబడి వార్తలు ప్రసారం చేస్తుంటాయి. ఒకే విలేకరుల బృందం సేకరించిన వార్తను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి వాడుకోవచ్చు గనుక అదనపు ఖర్చు స్వల్పం.

కేబుల్ సంస్థల నుండి రుసుము

పై మూడు ఏర్పాట్ల కంటే కూడా 21వ శతాబ్దంలో స్థానిక కేంద్రాలను నిలబెట్టినది ఒక చట్టం. 1992లో అమెరికా కాంగ్రెసు చేసిన కేబుల్ టెలివిజన్ చట్టం ప్రతి స్థానిక కేంద్రానికి రెండు దారులు చూపింది. తమ ఛానెల్‌ను కేబుల్ సంస్థ ఉచితంగానైనా తప్పనిసరిగా చూపించాలని కోరవచ్చు. లేదా తమ అనుమతి లేకుండా చూపించరాదని చెప్పి, అనుమతికి వెల అడగవచ్చు. ప్రేక్షకాదరణ లేని కేంద్రాలు మొదటి దారిని, ఆదరణ ఉన్నవి రెండవ దారిని ఎంచుకోవడం సహజం. మొదటి నిబంధనను కేబుల్ పరిశ్రమ న్యాయస్థానంలో సవాలు చేయగా, 1997లో సుప్రీం కోర్టు 5-4 ఆధిక్యతతో దానిని సమర్థించింది.

రెండవ దారి వెంటనే డబ్బు కురిపించలేదు. 1993లో కేబుల్ సంస్థలు నగదు ఇవ్వడానికి నిరాకరించాయి. పెద్ద నెట్‌వర్కు సంస్థలు నగదుకు బదులుగా తమ కొత్త కేబుల్ ఛానెళ్ళకు చోటు సంపాదించుకున్నాయి. ఉపగ్రహ టెలివిజన్, టెలిఫోన్ సంస్థలు పోటీకి వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ఒక కేబుల్ సంస్థ ఫుట్‌బాల్ పోటీలు వచ్చే స్థానిక ఛానెల్‌ను పోగొట్టుకుంటే చందాదారుడు పక్క సంస్థకు వెళ్ళిపోతాడు. 2005లో నెక్స్‌టార్ సంస్థ తన కేంద్రాలను కొన్ని కేబుల్ సంస్థల నుండి ఉపసంహరించి నగదు కోసం పట్టుబట్టింది. ఆ తరువాత ఈ రుసుములు ఏటేటా పెరిగాయి. 2023లో నెక్స్‌టార్ మొత్తం ఆదాయంలో సగానికి పైగా ఇటువంటి పంపిణీ రుసుముల ద్వారానే వచ్చింది. ఉచితంగా యాంటెన్నాతో పట్టుకోదగిన ఛానెల్‌కు కేబుల్ చందాదారుడు పరోక్షంగా వెల చెల్లించడం విచిత్రమే అయినా, ప్రస్తుతం ఆ పరిశ్రమకు ఇదే ఆధారం. ఈ రుసుములో పెద్ద భాగాన్ని నెట్‌వర్కులు తమ వాటాగా తీసుకుంటాయి. ప్రజలు కేబుల్ చందాలు మానుకొని ఇంటర్నెట్ ద్వారా చూడడం పెరగడంతో ఈ ఆధారం కూడా సన్నగిల్లుతున్నది.

ఎన్నికల ప్రకటనలు మరొక వనరు. సరి సంఖ్య సంవత్సరాలలో ఎన్నికలు వచ్చినపుడు కేంద్రాల ఆదాయం ఒక్కసారిగా పెరుగుతుంది. అభ్యర్థులకు ఎన్నికలకు ముందు 60 రోజులు, పార్టీ ప్రాథమిక ఎన్నికలకు ముందు 45 రోజులు అతి తక్కువ ధరకే సమయం అమ్మాలని చట్టం చెబుతున్నది. అయితే అభ్యర్థుల తరఫున ఖర్చు చేసే బయటి సంఘాలకు ఈ రాయితీ వర్తించదు. 2010లో సుప్రీం కోర్టు ఇటువంటి సంఘాల ఖర్చుపై ఆంక్షలను తొలగించిన తరువాత, గట్టి పోటీ ఉన్న రాష్ట్రాలలోని కేంద్రాలకు ఇది పెద్ద రాబడి అయినది. పోటీ లేని రాష్ట్రాలలోని కేంద్రాలకు మాత్రం ఈ వాన అంతగా కురవదు.

ఒకే ఒక్కసారి వచ్చిన మరో ఆదాయాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2016-17లో మొబైల్ సంస్థల కోసం తరంగ పౌనఃపున్యాలను వేలం వేసినపుడు, తమ పౌనఃపున్యాలను వదులుకున్న 175 కేంద్రాలకు కలిపి సుమారు 1,000 కోట్ల డాలర్లు లభించాయి. కొన్ని కేంద్రాల విషయంలో అవి చేసే ప్రసారాల కంటే అవి వాడుకొనే గాలి తరంగాలకే ఎక్కువ విలువ ఉన్నదని దీనివలన తేలింది.

ఈ మనుగడకు చెల్లించిన మూల్యం

కేబుల్ సంస్థలతో బేరమాడడానికి ఒంటరి కేంద్రానికి బలం చాలదు. అందువలన కేంద్రాలు పెద్ద సముదాయాల చేతిలోకి వెళ్ళాయి. పైన చెప్పిన బర్మింగ్‌హామ్‌లోని నాలుగు ప్రధాన కేంద్రాలనూ 2010ల చివరి నాటికి బయటి సముదాయాలే సొంతం చేసుకున్నాయి. నెక్స్‌టార్, సింక్లెయిర్, గ్రే, హర్స్ట్ ఆ సంస్థల పేర్లు. ఒకే సంస్థకు చెందిన కేంద్రాలు దేశంలోని టెలివిజన్ గృహాలలో 39 శాతానికి మించి చేరరాదని 2004లో పరిమితి ఏర్పడింది గాని, లెక్కించే పద్ధతిలోని మినహాయింపుల వలన ఆచరణలో అది సడలింది.

సముదాయాలు వాతావరణ విభాగం, గ్రాఫిక్స్, ప్రసార నియంత్రణ వంటి పనులను ఒకేచోట కేంద్రీకరించి ఖర్చు తగ్గిస్తాయి. ఫలితంగా పేరుకు స్థానికమైన కేంద్రంలో స్థానికత తగ్గుతుంది. 2018లో సింక్లెయిర్ సంస్థకు చెందిన పలు కేంద్రాల వార్తాహరులు ఒకే వ్యాఖ్యను అక్షరం పొల్లు పోకుండా చదవగా, ఆ దృశ్యాలను పక్కపక్కన పేర్చిన వీడియో దేశమంతటా చర్చనీయాంశమైనది. కేంద్రం దివాలా తీయకుండా కాపాడిన ఏర్పాటే దాని గొంతును కూడా మార్చివేసింది.

బ్రిటన్ అనుభవం

బ్రిటన్‌లో వాణిజ్య టెలివిజన్ 1955లో ఐటీవీ పేరుతో మొదలైంది. ఇది స్థానికం కాక ప్రాంతీయం. మాంచెస్టర్ ప్రాంతానికి గ్రనాడా, తూర్పు ఇంగ్లండుకు ఆంగ్లియా అన్నట్లు ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క సంస్థ ఉండేది. పెద్ద సంస్థలు తయారు చేసిన కార్యక్రమాలను చిన్నవి కూడా పంచుకొనేవి. ఆ ప్రాంతంలో టెలివిజన్ ప్రకటనలపై గుత్తాధిపత్యం ఉండడం వలన ఇవి బాగా లాభపడ్డాయి. పశ్చిమ, ఉత్తర వేల్స్ కోసం 1962లో ఏర్పడిన సంస్థ మాత్రం తగినంత మంది ప్రేక్షకులు లేక నష్టపోయి, 1964లో పొరుగు సంస్థలో కలిసిపోయింది. గుత్తాధిపత్యం ఉన్నా జనాభా లేకపోతే ప్రయోజనం లేదనడానికి ఇది మంచి ఉదాహరణ. శాటిలైట్ ఛానెళ్ళు వచ్చిన తరువాత ఐటీవీ సంస్థలు ఒకదానిలో ఒకటి విలీనమవుతూ, 2004లో గ్రనాడా, కార్ల్‌టన్ కలయికతో దాదాపు ఒకే సంస్థగా మారాయి.

నగర స్థాయి ప్రయోగాలు కూడా జరిగాయి. 1996 ప్రసార చట్టం క్రింద స్వల్పకాలిక లైసెన్సులు ఇచ్చారు. వీటిలో 2000లో మాంచెస్టర్‌లో మొదలైన ఛానెల్ ఎం పేరుపొందినది. గార్డియన్ మీడియా గ్రూప్ వంటి పెద్ద సంస్థ వెనుక ఉన్నా అది 2012లో మూతపడింది.

2010లో సాంస్కృతిక శాఖ మంత్రి అయిన జెరెమీ హంట్ ఈ విషయాన్ని ముందుకు తెచ్చారు. అలబామాలోని బర్మింగ్‌హామ్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో నాలుగో వంతే ఉన్నా, అక్కడ ఎనిమిది స్థానిక కేంద్రాలుండగా ఇక్కడ ఒక్కటీ లేదని ఆయన వాదించేవారు. ఆకర్షణీయమైన పోలికే. కాని పైన చెప్పిన అమెరికా ఏర్పాట్లలో ఏవి బ్రిటన్‌లో సాధ్యమో చూస్తే చిక్కు అర్థమవుతుంది. అక్కడ బీబీసీ, ఐటీవీలు అప్పటికే దేశవ్యాప్తంగా సొంత ప్రసార వ్యవస్థ కలిగి ఉన్నాయి కనుక అనుబంధ కేంద్రాల అవసరం వాటికి లేదు. టెలివిజన్‌లో రాజకీయ ప్రకటనలు నిషిద్ధం. ప్రధాన ఛానెళ్ళను కేబుల్ సంస్థలు రుసుము లేకుండా చూపించుకోవడానికి 1988 కాపీరైట్ చట్టంలోని 73వ సెక్షను వీలు కల్పించింది. ఆ సెక్షను 2017లో రద్దయ్యేవరకు, రుసుము అడిగే సంప్రదాయమే అక్కడ ఏర్పడలేదు. ఇక మిగిలినది స్థానిక ప్రకటనలు ఒక్కటే.

హంట్ నియమించిన బ్యాంకరు నికొలస్ షాట్ 2010 డిసెంబరులో ఇచ్చిన నివేదిక కూడా జాగ్రత్తగానే మాట్లాడింది. పది పన్నెండు పెద్ద నగరాలలో మాత్రమే ఇది సాధ్యపడవచ్చని, ప్రకటనలపైనే ఆధారపడడం కష్టమని అందులో సూచించారు. బీబీసీ లైసెన్సు రుసుము నుండి ప్రసార సదుపాయాల కోసం 2.5 కోట్ల పౌండ్లు, స్థానిక కేంద్రాల నుండి వార్తలు కొనడానికి మూడేళ్ళపాటు ఏడాదికి 50 లక్షల పౌండ్ల వరకు కేటాయించారు. దీనితో ట్రాన్స్‌మిటర్ల సమస్య తీరింది. పైన చెప్పుకున్న ఇరవై గంటలు నింపే సమస్య మాత్రం అలాగే మిగిలింది. ప్రభుత్వం రోడ్డు వేసి ఇచ్చింది గాని బండి కొనడం, ఎడ్లను మేపడం యజమానికే వదిలిపెట్టింది.

పైగా లైసెన్సులు పది పన్నెండు నగరాలతో ఆగలేదు. ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చిన్న పట్టణాలకు కూడా వాటిని ఇచ్చింది. 2013 నవంబరులో గ్రిమ్స్‌బీ పట్టణంలో మొదటి కేంద్రం ప్రారంభమైంది. 2014 మార్చిలో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక యాజమాన్యం లండన్ లైవ్‌ను ప్రారంభించింది. కొన్ని నెలలకే ఆ సంస్థ స్థానిక కార్యక్రమాల గంటలను తగ్గించడానికి ఆఫ్‌కామ్ అనుమతి కోరవలసి వచ్చింది. దేశంలోనే అత్యధిక జనాభా గల నగరంలో, నగరమంతటా చేరే పత్రిక అండతో నడిచిన కేంద్రానికే ఈ పరిస్థితి వస్తే మిగిలినవాటి సంగతి చెప్పనవసరం లేదు. లండన్ లైవ్ 2025 జనవరిలో మూతపడింది.

హంట్ వాదనకు మూలమైన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, లైసెన్సు పొందిన సంస్థ ప్రసారాలు మొదలుపెట్టక ముందే 2014లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. వేరొక సంస్థ 2015లో అక్కడ ప్రసారాలు ప్రారంభించినా, మరుసటి సంవత్సరమే ఒక కేంద్రాల సముదాయం దానిని తీసుకున్నది. గ్లాస్గో, ఎడిన్‌బరోలలో ఎస్‌టీవీ నడిపిన కేంద్రాలు కలిసి ఎస్‌టీవీ 2గా మారి, 2018 జూన్‌లో ఆగిపోయాయి. నార్విచ్‌లో స్థానిక పత్రికా సంస్థ నడిపిన మస్టర్డ్ టీవీని 2017లో దట్స్ టీవీ అనే సముదాయం కొన్నది. 2018లో ఆఫ్‌కామ్ కొత్త స్థానిక లైసెన్సులకు ప్రకటన ఇవ్వడం మానుకున్నది.

మిగిలిన కేంద్రాలు రెండు మూడు సముదాయాల క్రిందకు చేరి, ఒకేచోట నుండి నడుస్తూ, అధిక భాగం పాత కార్యక్రమాలు, పాటలు, ఇతర ఛానెళ్ళ ప్రసారాలతో కాలం నింపసాగాయి. అంటే అమెరికాలో యాభై ఏళ్ళు పట్టిన కేంద్రీకరణ బ్రిటన్‌లో ఐదేళ్ళలో పూర్తయింది. కొంత భిన్నంగా నడిచినవి విద్యాసంస్థల అండ ఉన్నవి. నాటింగ్‌హామ్‌లో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం, కెంట్‌లో కెంట్ విశ్వవిద్యాలయం స్థానిక కేంద్రాలలో పాలుపంచుకున్నాయి. జర్నలిజం విద్యార్థులకు శిక్షణ దొరుకుతుంది, కేంద్రానికి సిబ్బంది ఖర్చు కలిసివస్తుంది. అక్కడ లాభనష్టాల లెక్కలో శిక్షణ విలువ కూడా చేరుతుంది.

తెలుగునాట కేబుల్ ఛానెళ్ళు

భారతదేశంలో యాంటెన్నాకు అందే భూతల ప్రసారాలు దూరదర్శన్‌కు మాత్రమే పరిమితం. అందువలన తెలుగు పట్టణాలలో స్థానిక టెలివిజన్ కేబుల్ తీగల మీదనే పుట్టింది. మొదట వీసీఆర్‌లో సినిమాలు వేసిన ఆపరేటర్లే, 1990లలో ఉపగ్రహ ఛానెళ్ళతో పాటు తమ సొంత ఛానెల్ ఒకటి నడిపేవారు. సాయంత్రం పూట పట్టణ వార్తలు, మిగిలిన సమయమంతా సినిమాలు, పాటలు, తెర అడుగున కదిలే స్క్రోలింగ్ ప్రకటనలు వీటిలో కనిపించేవి. బట్టల దుకాణాలు, కళాశాలలు, నర్సింగ్ హోములు, పుట్టినరోజు శుభాకాంక్షలు, సంతాప ప్రకటనలు ఆదాయ మార్గాలు. తీగ ఆపరేటరుదే, నెల చందా ముందే వస్తుంది గనుక ప్రసార ఖర్చు దాదాపు లేనట్లే. బ్రిటన్ ప్రభుత్వం కోట్ల పౌండ్లు పెట్టి తీర్చిన సమస్య ఇక్కడ అసలు తలెత్తలేదు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం ఆపరేటర్ల నమోదును తప్పనిసరి చేసినా, ఈ సొంత ఛానెళ్ళకు ప్రత్యేక లైసెన్సు విధానం పెట్టలేదు.

డిజిటల్ విధానం ఈ సమీకరణాన్ని మార్చింది. హైదరాబాదు, విశాఖపట్నాలకు 2013 మార్చితోను, దేశంలో చివరి దశలోని ప్రాంతాలకు 2017 మార్చితోను గడువులు విధించారు. సెట్‌టాప్ బాక్సుకు చేరే ఛానెళ్ళన్నీ పెద్ద పంపిణీ సంస్థ హెడ్ఎండ్ నుండే రావాలి. ఒకప్పుడు తన గదిలోనే ఛానెల్‌ను తీగలోకి ఎక్కించిన ఆపరేటరు ఇప్పుడు అందులో చోటు కోసం ఆ పంపిణీ సంస్థను ఆశ్రయించవలసి వచ్చింది. అమెరికాలో కేబుల్ సంస్థ స్థానిక కేంద్రానికి డబ్బు ఇస్తుండగా, ఇక్కడ చోటు కావలసిన స్థానిక ఛానెలే చెల్లించవలసిన స్థితి ఏర్పడింది. తప్పనిసరిగా చూపించాలన్న నిబంధన ఇక్కడ ప్రధానంగా దూరదర్శన్ ఛానెళ్ళకు ఉన్నది.

కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ 2022 నవంబరులో ఇటువంటి ఛానెళ్ళను ప్లాట్‌ఫారం సర్వీసులుగా గుర్తించి మార్గదర్శకాలు జారీ చేసింది. ఒక్కొక్క ఛానెల్ నమోదుకు 1,000 రూపాయల రుసుము నిర్ణయించారు. పంపిణీ సంస్థ తన మొత్తం ఛానెళ్ళ సామర్థ్యంలో 5 శాతానికి మించి వీటికి కేటాయించరాదు. రుసుము స్వల్పమే గాని, పరిమితంగా ఉన్న ఆ చోటును పట్టణ వార్తలకు ఇవ్వాలా, ఇరవై నాలుగు గంటలూ సినిమాలు వేసే ఛానెల్‌కు ఇవ్వాలా అన్నది పంపిణీ సంస్థ ఇష్టానికే వదిలివేయబడింది.